అంబాసిడర్ కారులో పాడేటామె

కొత్తగూడ,
12-6-1999

మూసాపేట ఖాళీ చేసి ప్రొద్దుటూరు పోయిన సుబ్రహ్మణ్యం సారుకు, మీ తెల్ల అంబాసిడర్ కొన్న పోచయ్య కొడుకు లింగమూర్తి దండం పెట్టి రాసేది.

సారూ, మీరు మంచిగున్నరని అనుకుంటున్న. మేం మంచిగ లేం.

పోయిన నెల మీరు కారు అమ్మేటప్పుడు నేను నాయిన ఎనక నిలవడ్డ. మీరు నన్ను చూసి ఉండరు. నన్ను ఎవ్వరు చూడరు. నాకు పదహారేండ్లు, ఏడో తరగతి కాడ బడి ఇడిచిపెట్టిన. నా గొంతు ఇంక ఆడపిల్ల గొంతు లెక్కనే ఉన్నది. నోరు తెరిస్తే గల్లీల పోరగాళ్లు నవ్వుతరు, అందుకే తెరవ. రాస్తే ఎవ్వరు నవ్వరు. గందుకే తిట్టేది ఉన్నా రాసుడే.

ఇగ ముచ్చట ఇనుండ్రి. మీ కారుల టేపు పెడితే మద్దెల వస్తది. వీణ వస్తది. తాళాలు గూడ వస్తయి. పాడేటామె వస్తలేదు! ఆమె పాడాల్సిన కాడ ఉత్త గాలి వస్తున్నది. దూరంగ, బాయిల ఎవరో గొణిగినట్టు జరంత ఇనవడతది, అంతే. వేరే క్యాసెట్టు పెడదామంటే మీ దేవుని పాటల క్యాసెట్టు లోపల ఇరికింది, బయటికి ఎల్తలేదు. "క్యాసెట్టు గూడ ఉంచుకోండి నాయనా, ఊరికే ఇస్తున్నా" అని మీరు నవ్వుకుంట చెప్పిన్రు. ఎందుకు ఊరికే ఇచ్చిన్రో ఇప్పుడు తెలిసింది.

మీకు ఇది చిన్న ముచ్చట కావచ్చు. నాకు కాదు. హైటెక్ సిటీ కాడ కొత్త కంపెనీల మధుసూదన్ సారని ఉన్నడు. పనోళ్లను ఇండ్లకెల్లి తెచ్చి దించే కార్లను ఆయనే చూసి తీసుకుంటడు. కాయితం మీద పదకొండు షరతులు రాసిచ్చిండు. తొమ్మిదోది, టేపు, రెండు తలుపుల స్పీకర్లు మంచిగ మోగాలె. దిల్‌సుఖ్‌నగర్ కెల్లి గంటన్నర కూసోవాలె గద, పాటల్లేకుంటే ఆళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు అరుసుకుంటున్నరట. జులై పదిహేనుకు మా కారు చూస్తడు.

నాయిన ఏమన్నడంటే, "కారు నడుపుడు నా పని, పాట పలికిచ్చుడు నీ పని. పలకకుంటే కొండాపూర్ల మీ మేనమామ బట్టల దుకాణం ముంగట నిలవెడతా. రా అక్కా, రా చెల్లె, చీరలు చూడు అని పొద్దుమూకులు పిలువు" అన్నడు. సారూ, ఆ మాట యాదికొస్తెనే నాకు చెమటలు వడుతున్నయి.

మెకానిక్కు తలుపు దిక్కు చూడకుండనే "స్పీకర్లు ఖతం, కొత్తయి ఆరు వందలు" అన్నడు. నా కాడ నూటయాభై ఉన్నయి. నేనే మారుస్త. కాని ముందుగాల మీరు చెప్పుండ్రి, పాడేటామెను ఏం చేసిన్రు?

జవాబు వచ్చేదాక కోపంతోనే ఉండే,
లింగమూర్తి

మళ్ల రాసేది: మా అవ్వ గంగమ్మ కారుల కూసోని పాట విన్నది. "బ్యాండు మేళం మంచిగుంది బిడ్డా, పెండ్లిపిల్లనే రాలే" అన్నది.

*

ప్రొద్దుటూరు,
20-6-1999

చిరంజీవి లింగమూర్తికి, సర్వే శాఖలో ముప్పై రెండేళ్లు ఒక్క మచ్చ లేకుండా పనిచేసిన సుబ్రహ్మణ్యం ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. ఆశీర్వదించడం పద్ధతి కనుక ఆశీర్వదించాను, నువ్వు రాసిన రాతలకు కాదు.

పాడే మనిషిని నేనేం చేశానని అడుగుతావా? వయసెంతరా నీకు? ఆ కారులో పదకొండేళ్లు ఆ కీర్తనలు విన్నాను. ఆ గొంతు ఎంత స్పష్టంగా వచ్చేదంటే, నా వెనక సీట్లో కూర్చుని పాడుతున్నట్టే ఉండేది. స్పీకర్లేమో ముందు తలుపుల్లో, గొంతేమో వెనక నుంచి! అది ఎంత గొప్ప సంగతో నీకు అర్థమవుతుందా? అదంతా నా బిగింపు మహిమ.

అవును, ఆ స్పీకర్లు నేను స్వహస్తాలతో బిగించినవే. మెకానిక్కుకు డబ్బులు పొయ్యడం నాకూ ఇష్టం లేదు. అన్నం కంచం తలుపు అట్ట మీద బోర్లించి, పెన్సిలుతో గుండ్రం గీసి, గడ్డం గీసుకునే బ్లేడుతో కోశాను. రెండు స్పీకర్లకు నాలుగు తీగలు కావాలని అంగడివాడన్నాడు. నేను మూడింటితో సరిపెట్టాను. రెండు నల్ల తీగలనూ ఒకటిగా ముడివేసి, అక్కడి నుంచి ఒకే ఒక్క తీగ టేపుకు లాగాను. ఒక గజం తీగ మిగిలింది. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

నేను ఆఫీసుకు ఒంటరిగా పోయేటప్పుడు పాటలు పెట్టేవాణ్ణి కాదు. ప్రభుత్వ ఉద్యోగి ఈలలు వేసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. మా ఆవిడతో గుడికో పెళ్లికో పోయేటప్పుడే పెట్టేది. ఒక్కసారి మాత్రం, నిజం చెప్పాలి కనుక చెబుతున్నా, మా ఆవిడ కడపలో చెల్లెలి కాన్పుకు పోయి ఇరవై రోజులున్నప్పుడు, ఆమెను తీసుకురావడానికి పోతూ దారిలో పెడితే గొంతు రాలేదు. దూది మీద సెంటు చల్లి టేపు లోపల తుడిచాను. మా ఆవిడను ఎక్కించుకుని తిరుగు ప్రయాణం మొదలు పెట్టగానే గొంతు గంటలా మోగింది. కాబట్టి నీకు కావలసింది దూది, సెంటు. నిందలు కాదు.

తలుపు విప్పేటప్పుడు అద్దం తిప్పే పిడి జాగ్రత్త. దాని వెనక చిన్న పిన్ను ఉంటుంది. ఎగిరి మంచం కింద పడితే మూడు రోజులు వెతకాలి. నేను వెతికాను.

నీ మేలు కోరే,
సుబ్రహ్మణ్యం

తా.క. టేపు వెనకాల తీగలు ఏమైనా ముట్టుకున్నావా అని మా ఆవిడ అడగమంటోంది. ఆడవాళ్లకు ఈ సంగతులు తెలియవు. పట్టించుకోవద్దు.

*

కొత్తగూడ,
28-6-1999

పెద్దోళ్లయి ఉండి గిట్ల చెప్పొచ్చా అని అడగబోతున్న సుబ్రహ్మణ్యం సారుకు లింగమూర్తి దండాలు.

దూది పెట్టిన. సెంటు లేకుంటే మా అవ్వ వాసన నూనె పెట్టిన. ఇప్పుడు కారంత పెండ్లి తలకాయ వాసన వస్తున్నది, పాడేటామె మాత్రం వస్తలేదు.

ఇగ నేనే స్పీకర్లు మార్చిన. మీరు చెప్పిన పిన్ను ఎగిరింది. మంచం లేదు గనుక గేదెల దాన కుండల వడ్డది. గేదె తినకముందే దొరికింది, అది నా అదృష్టం, గేదెది గూడ.

మీ స్పీకర్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది. నల్ల కాయితం చింపులు చింపులు. ఒకదాంట్ల బల్లి గుడ్లు పెట్టుకున్నది. వీట్లకెల్లి గొంతు గంట లెక్క మోగిందంటరా? మూసాపేట తుక్కు దుకాణంల రెండు పాత టీవీలు పలగ్గొడుతుంటె స్పీకర్లు అడిగిన. అడిగిన అంటే నోటితోని కాదు, ఏలుతోని చూపించిన. నూటపదికి ఇచ్చిండు. ఇంటికొచ్చి చూస్తే అవి చిన్నగున్నయి, మీ కంచం పెద్దగుండె. ఎవరింట్ల కంచం సారూ అది, బువ్వ తినేదా, బోనం ఎత్తేదా? సందు మూయనీకి రబ్బరు కావాలె. నాయిన హవాయి చెప్పులు రెండు గుండ్రంగ కోసి నడుమ తొలిచి పెట్టిన. ముంగట జాలీకి చాయ వడపోసేటివి రెండు బిగించిన. తీగలు మీ తీగలకే చుట్టి, అతుకు మీద సైకిలు ట్యూబు ముక్క ఏసిన. టేపు ఎనకకు పోలే. మీరే పట్టించుకోవద్దన్నరు గద.

ఎంత సక్కగ కుదిరిందో సారూ. తలుపు ఏస్తె డబ్బ మోత గూడ పోయింది. టేపు పెట్టిన. మద్దెల ఎట్ల పలుకుతుందంటే మా కోడి ఎగిరి గోడెక్కింది. వీణ తీగ మీద ఏలు జారింది గూడ ఇనవడుతుంది.

పాడేటామె లేదు.

నేను తలుపుకు తలకాయ ఆనిచ్చి జరసేపు కూసున్న. నాయిన వచ్చి చూసి, "ఆ ముసలాయన పాడేటామెను పీకి ప్రొద్దుటూరు పట్కపోయిండురా" అన్నడు. నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది. మీరు అబద్ధం చెప్తున్నరు. వెనక సీట్లకెల్లి గొంతు వచ్చిందంట! వెనక సీట్ల స్పీకరే లేదు గద!

ఇగ పదిహేడు రోజులే ఉన్నది. మేనమామ నాకు అంగీ గూడ కుట్టిచ్చిండు, జేబు మీద దుకాణం పేరుతోని.

మీ మీద నమ్మకం పోయిన,
లింగమూర్తి

మళ్ల రాసేది: మీ పాత స్పీకర్లు పారేయలే. కోళ్ల గంప మీద బరువుకు పెట్టిన. గా పనికి మంచిగనే ఉన్నయి.

ఇంకోటి: నాయిన చెప్పులు ఎతుకుతున్నడు. కుక్క మీద అనుమానం ఉంది. నేనేం చెప్పలే.

*

ప్రొద్దుటూరు,
5-7-1999

లింగమూర్తికి. ఈసారి ఆశీర్వాదం లేదు.

కోళ్ల గంప మీదనా! కీర్తనలు పలికిన స్పీకర్లను కోళ్ల గంప మీద పెట్టిన చేతులకు ఏమొస్తుందో దేవుడికే వదిలేస్తున్నా.

అబద్ధమంటావా? మా ఊరి కొలతల్లో నా మాట మీద పొలం గట్లు జరిగాయి, మనుషులు జరిగారు. నేను అబద్ధం చెప్పిన దాఖలా ఒక్కటి చూపించు. నీ మతిలేని పనితో ఆ గొంతు ఎగిరిపోయింది, అంతే. గొంతు ఉండేది ఆ నల్ల కాయితంలో! నువ్వు ఆ కాయితాన్ని పీకి టీవీ స్పీకరు పెట్టి, పాడే మనిషి ఏదని నన్నడుగుతున్నావు. బావి పూడ్చి నీళ్లేవని అడిగినట్టుంది.

నువ్వు వాటిని మార్చకముందే గొంతు లేదని రాశావు కదా అంటావేమో. అది వర్షాకాలపు చెమ్మ వల్ల.

సరే. జరిగింది జరిగింది. నా స్పీకర్లు నాకు పంపించు. ఇక్కడ ఇంటికి కొత్తగా టేపు కొన్నాను, అదే కీర్తనల క్యాసెట్టు అంగట్లో ఇంకోటి దొరికింది. కానీ ఆ పెట్టె స్పీకర్లలో ఆ కమ్మదనం లేదు. ఎవరో గొంతు సవరించుకుని కచేరీ చేస్తున్నట్టుంది. కారులో గొంతు అలా కాదు. ఆ గొంతు మనింటి మనిషిలా ఉండేది. ఒక్కోచోట ఊపిరి చాలక ఆగేది, గతుకు రోడ్డు మీద కాస్త వణికేది, మళ్లీ అందుకునేది. రెండు నెలలుగా నాకు ఆ గొంతు వినక పొద్దు పోవడం లేదు. ఇది మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె వంటింట్లోకి పోయింది. ఆమెకు సంగీతం మీద ఆసక్తి తక్కువ.

బస్సు పార్సిలులో వెయ్యి. బల్లి గుడ్లు తీసి వెయ్యి. ఖర్చు నేను మనియార్డరు చేస్తాను.

నీ పరీక్ష గురించి సలహా కావాలంటే, ఆ పెద్దమనిషి ఎక్కగానే టేపు పెట్టి నువ్వు వేరే మాటలు మాట్లాడుతూ ఉండు. గొంతు లేదన్న సంగతి గమనించడు.

సుబ్రహ్మణ్యం,
విశ్రాంత సర్వేయరు

తా.క. నువ్వు మాట్లాడవని మరిచాను. అయితే వేరే ఏదైనా చెయ్యి.

*

కొత్తగూడ,
17-7-1999

"వేరే ఏదైనా చెయ్యి" అని సలహా ఇచ్చిన సుబ్రహ్మణ్యం సారుకు లింగమూర్తి రాసేది.

మీ స్పీకర్లు బస్సుల ఏసిన, అందినయా? నేను వేరే ఏదైనా చేసిన. ఇప్పుడు దాంట్లకెల్లి ఎట్ల బయటవడాలో తెలుస్తలేదు. అంత మీ వల్లనే.

పదిహేనో తారీకు మధుసూదన్ సారు వచ్చి ఎనక సీట్ల కూసున్నడు. చేతుల షరతుల కాయితం, చెవి మీద పెన్ను. నాయిన నడుపుతుండు. నేను నాయిన పక్కపొంటి, తలుపుకు అతుక్కొని. లైట్లు చూసిండు, హారను కొట్టిచ్చిండు, సీట్ల కింద చెయ్యి పెట్టి దుమ్ము చూసిండు. కొండాపూర్ దాటినంక "ఆఁ, తొమ్మిదోది. పాట పెట్టండి" అన్నడు.

నాయిన నా దిక్కు చూసిండు. నేను మీట నొక్కిన. తాళాలు వచ్చినయి, వీణ వచ్చింది. ఆమె షురూ చేసే కాడికి వచ్చింది. నాకు దుకాణం కనవడ్డది. జేబు మీద పేరున్న అంగీ కనవడ్డది. "రా అక్కా" అని పిలుస్తున్న నేను కనవడ్డ.

మూతి తలుపు జాలీ కాడ పెట్టి, మొఖం కిటికీ దిక్కు తిప్పి, నేనే పాడిన.

సారూ, నేను ఎన్నడు నేర్వలే. మా గల్లీల రాములగుడి మైకుల రోజు తెల్లారి గదే క్యాసెట్టు ఏస్తరు, చిన్నప్పటికెల్లి చెవులకు వడి వడి మొత్తం వస్తది. నాయిన చేతుల స్టీరింగు ఒక్కసారి ఊగింది. కని మొఖం మాత్రం రాయి లెక్కనే ఉన్నది.

మధుసూదన్ సారు కండ్లు మూసుకొని విన్నడు. పాట అయినంక అన్నడు, "క్లారిటీ బాగుందండీ పోచయ్య గారూ. కాకపోతే గొంతు లెఫ్ట్ తలుపులోంచే వస్తోంది. రైట్ స్పీకరు కాస్త చూపించుకోండి."

"చూపిస్త సారూ, రేపే చూపిస్త" అన్నడు నాయిన.

రెండో పాట నేను మొఖం నాయిన దిక్కు తిప్పి పాడిన. "ఇప్పుడు రైట్లో కూడా వస్తోందే!" అని సారు టిక్కు పెట్టిండు. కారు తీసుకున్నరు.

ఇంటికొచ్చినంక నాయిన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇంత గొంతు పెట్టుకొని పదహారేండ్లు ఏడ దాచినవ్ రా" అన్నడు. నాకు మస్తు సంబురమైంది. అటెన్క తెలిసింది నాకు, ఇగ రోజు పాడాలె. నిన్నటికెల్లి నన్ను క్లీనరని చెప్పి ముంగట కూసోవెడుతున్నడు. ఎనక నలుగురు కంపెనీ పనోళ్లు. సౌజన్య మేడమని ఒకామె, "అంకుల్, ఆ మూడో పాట ఇంకోసారి పెట్టండి" అంటది. పెట్టుడు ఆయన, పాడుడు నేను. పోవుడు గంటన్నర, వచ్చుడు గంటన్నర. మెడ కిటికీ దిక్కు తిరిగి తిరిగి అట్లనే ఉండిపోతున్నది. దుకాణం ముంగట నిలవడ్డా ఇంత అరిచేది లేకుండె!

ఒక్క మాట చెప్పుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుతా. పాడేటామె ఏడ ఉన్నది?

గొంతు ఎండిపోయిన,
లింగమూర్తి

మళ్ల రాసేది: ఇయ్యాల పొద్దున పాట నడుమ రెండు మాటలు మొగ గొంతుల వచ్చినయి. నా గొంతు పలుగుతున్నది సారూ. సౌజన్య మేడం "అరె, ఇది డ్యూయెట్టా?" అని అడిగింది.

*

ప్రొద్దుటూరు,
26-7-1999

మోసగాడైన లింగమూర్తికి,

పార్సిలు అందింది. విప్పితే ముందు కోడి ఈక వచ్చింది. సరే అనుకున్నా. ఇంటి టేపుకు నా చేతులతోనే బిగించాను, మళ్లీ మూడు తీగలతోనే. పెట్టెలో దాచిన గజం తీగ పనికొచ్చింది. స్నానం చేసి, వాలుకుర్చీ వేసుకుని, క్యాసెట్టు పెట్టాను.

ఇంకెవరో పాడుతోంది!

మంచి గొంతే. పెద్ద గొంతే. ఎక్కడా ఊపిరి చాలకపోవడం లేదు, వణకడం లేదు. కానీ ఆమె కాదు. పదకొండేళ్లు విన్నవాణ్ణి, నాకు తెలియదా? నా స్పీకర్లు నువ్వు ఉంచుకుని ఎవరి స్పీకర్లో పంపించావు. చిరుగులు కూడా అలాగే చింపి పంపావు, నీ తెలివి తగలెయ్య! పైగా నువ్వే పాడుతున్నానని కథలు రాస్తావా? ఇప్పుడర్థమైంది. నా స్పీకర్లు నీ తలుపుల్లో ఉన్నాయి, ఆమె అక్కడ పాడుతోంది, నీ మధుసూదన్ సారు కండ్లు మూసుకుని వింటున్నాడు. నేనిక్కడ పరాయి మనిషి పాట వింటున్నా.

నేను ఊరుకునే మనిషిని కాను. ఆ మధుసూదన్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఫలానా కారులో ఉన్న స్పీకర్లు దొంగ సొత్తు, కావాలంటే తలుపు విప్పించి చూసుకోమన్నాను. విప్పితే నీ బండారం బయటపడుతుంది. మా ఆవిడకిచ్చి ఈ పొద్దే టపాలో వేయమన్నాను. నీ నెల కిరాయి సంగతి, నీ బట్టల దుకాణం సంగతి ఇక నువ్వు చూసుకో.

న్యాయం కోరే,
సుబ్రహ్మణ్యం

తా.క. ఒకవేళ నువ్వు నిజాయితీగా నా స్పీకర్లు పంపిస్తే ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటూ ఇంకో ఉత్తరం రాస్తా. ఆ గొంతు ఒక్కసారి వింటే చాలు.

*

ప్రొద్దుటూరు,
2-8-1999

నాయనా లింగమూర్తీ, నువ్వు ఎన్నడూ చూడని పుణ్యవతమ్మ దీవించి రాస్తున్నాను. సుబ్రహ్మణ్యం సారు భార్యను.

ముందు భయపడవాక. మీ మధుసూదన్ సారుకు ఆయన రాసిన నాలుగు పేజీలు టపాలో పడలేదు. పొయ్యిలో పడినాయి. కాఫీ బాగా కాగింది.

మీ ఇద్దరి ఉత్తరాలూ ఆయన బల్ల సొరుగులో ఉంటాయి. ఆయన నిద్రపోయేటప్పుడు తీసి చదువుతున్నా. మీరిద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరు అని తిట్టుకుంటున్నారు. మీలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ పని చేసింది నేను.

నాకు పాటంటే పిచ్చి నాయనా. పుట్టింట్లో నేర్చుకున్నా. కాపురానికి వచ్చినాక మా అత్త, "కోడలు నోరెత్తి పాడితే వీధిలో పోయేవాళ్లు నిలబడి చూస్తారు" అని నోరు మూయించింది. ఇరవై ఏడేళ్లు మూసుకునే ఉన్నా. కారు కొన్నాక, అద్దాలెత్తి పోతున్నామే, ఎవరు వింటారులే అని క్యాసెట్టుతో పాటు వెనక సీట్లో చిన్నగా అందుకున్నా. మీ సారు ముందుకు చూస్తూనే, "పుణ్యవతీ, కాస్త ఆ గొణుగుడు ఆపు, ఆమెను పాడనీ" అన్నాడు.

ఆమెను పాడనీ అంట! ఎవరామె? నేను వండి పెడితే తినే మనిషి, ఆమెను పాడనీ అంటాడా?

మరునాడు ఆయన గొలుసు పట్టుకుని ఏదో ఊరు కొలవడానికి జీపులో పోయినాడు. నేను వక్కలు కత్తిరించే అడకత్తెర తీసుకుని కారెక్కినా. అసలు ఆ టేపు గొంతే నొక్కేద్దామని టేపు వెనక చెయ్యి పెట్టి, చేతికి దొరికిన నల్ల తీగను పటుక్కున కోసేసినా. అది ఆయన రెండింటికీ కలిపి లాగిన ఒక్క తీగ. దేవుడి చిత్రం చూడు, మద్దెల పోలేదు, వీణ పోలేదు. ఆమె ఒక్కతే పోయింది! రెండు స్పీకర్లలోనూ ఒకేలా ఉండేది ఆమె గొంతేనంట, ఆ తీగ తెగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందని తరువాతెప్పుడో రేడియో బాగుచేసేవాడు చెప్పినాడు.

ఆ ఆదివారం గుడికి పోతూ ఆయన టేపు పెట్టినాడు. ఆమె పాడాల్సిన చోట ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో నేను నోరు తెరిచినా. ఆయన వెనక్కి తిరగలేదు. "ఆహా, ఈ పొద్దు బాగా పాడుతోంది" అన్నాడు.

అంతే నాయనా. పదకొండేళ్లు నేనే పాడినా. చెల్లెలి కాన్పుకు పోయినప్పుడు పాట రాలేదంటే ఎట్లా వస్తుంది, నేను కడపలో ఉంటే? ఇప్పుడు ఇంట్లో ఎవరో పరాయి మనిషి పాడుతోందని నిన్ను తిట్టినాడే, ఆ పరాయి మనిషే అసలు మనిషి.

నువ్వు టేపు వెనక చెయ్యి పెట్టు. నల్ల తీగ తెగిన కొసలు రెండుంటాయి. కలిపి మెలిపెట్టి సైకిలు ట్యూబు చుట్టు. పైసా ఖర్చు లేదు. ఆమె వచ్చేస్తుంది, నీ గొంతు బతుకుతుంది. నీ స్పీకర్లకు ఏ దోషమూ లేదు. చెప్పులు కోసి నువ్వు చేసిన పని మా ఆయన కంచం పని కన్నా నయం.

కానీ ఒక మాట. "రా అక్కా" అనడానికి చెమటలు పట్టే పిల్లోడివి, అంత పెద్దమనిషిని వెనక పెట్టుకుని పాడినావే, ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివినా. మా అత్త పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు నన్నెవరు ఆపుతున్నారు? ఆయన రోజూ ఆమె కోసం బెంగపడుతుంటే వంటింట్లో నిలబడి వింటున్నానే గానీ, అది నేనే అని చెప్పడానికి నోరు రావడం లేదు. సిగ్గు నీ ఒక్కడి సొత్తు అనుకున్నావా?

నీ గొంతు మారితే మారనీ. ఏ గొంతు వస్తే దాంతోనే పాడు.

దీవెనలతో,
పుణ్యవతమ్మ

తా.క. ఈ ఉత్తరం పొద్దున రాసి, అడకత్తెర కొంగులో పెట్టుకుని తిరుగుతున్నా. మధ్యాహ్నం ఆయన వాలుకుర్చీలో కూర్చుని, "ఈమె కాదు, ఈమె కాదు" అనుకుంటూ ఆ క్యాసెట్టే పెట్టినాడు. పాట నడుమన కరెంటు పోయింది. నేను కోయకముందే కరెంటోళ్లు కోసినారు! ఎట్లా వచ్చిందో ధైర్యం, ఆగిన చోటు నుంచి వంటింటి గడపలో నిలబడి అందుకున్నా. ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చుని, "వచ్చేసింది! పుణ్యవతీ, ఆమె వచ్చేసింది! పాపం ఆ పిల్లోడు మంచోడే, నా స్పీకర్లే పంపినాడు!" అని అరిచినాడు. ఆ తరువాత తలెత్తి, తిరగని ఫ్యానును చూసినాడు. టేపును చూసినాడు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి, పాట అయ్యేలోపలే వెనక్కి తిరిగి చూసినాడు.

నేను పాట పూర్తి చేసినా. అప్పుడన్నాడు, "అయితే పదకొండేళ్లు కారు బ్యాటరీ దండగ చేసినాం కదే!"

కరెంటు వచ్చినాక టేపు ఆపేసి, ఇంకోటి పాడమన్నాడు.